రోవెనా టాటర్సాల్ గారి సంతాప సభ

విట్బీ
రోవెనా టాటర్సాల్ గారి కుటుంబానికి,
నేనెవరో మీకు తెలియదు. మా ఆయన సముద్రంలో పోయినప్పటి నుంచి, టీవీలో సాయంత్రం వార్తలు చదివే మీ రోవెనాతోనే కూర్చుని టీ తాగాను. ఈస్టర్ నుంచి ఆమె కుర్చీలో ఎవరో పిల్ల కూర్చుంటోంది. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయే మనిషి కాదామె. అంచేత కాలం చేశారని అర్థమైంది. మీ దుఃఖంలో నేనూ ఉన్నాను.
ఇట్లు,
హిల్డా గాథర్‌కోల్
తా.క. ఆ పిల్ల వాన వస్తుందని కూడా నవ్వుతూ చెబుతోంది. ఎప్పుడూ బట్టలు ఆరేసి ఉండదు.

లీడ్స్
గాథర్‌కోల్ గారికి నమస్కారాలు.
నేను బతికే ఉన్నాను. నా ముఖం పాతబడిందని టెలివిజన్ వాళ్ళు తీసేశారు. వీడ్కోలు చెప్పుకోనివ్వలేదు. ఇప్పుడు పొద్దున్నే రేడియోలో వాతావరణం, రోడ్ల సంగతులు చెబుతున్నాను. వినేవాళ్ళున్నారో లేదో తెలియదు. నెలాఖరుకి అదీ మానేస్తున్నాను.
భవదీయురాలు,
రోవెనా టాటర్సాల్
తా.క. కీళ్ళనొప్పుల వల్ల ఆఫీసు అమ్మాయి చేత టైపు చేయించాను. సంతకం కూడా తనదే.

విట్బీ
ఆఫీసు అమ్మాయికి ఆశీస్సులు.
ఈ ముసలిది బాధపడకూడదని నువ్వు రాసిన ఉత్తరం చూసి కళ్ళు చెమర్చాయి. కానీ తల్లీ, నేను చావులు చూసినదాన్ని. నా దగ్గర దాచక్కర్లేదు. వచ్చే శనివారం మా చర్చిలో ఆమెకి సంతాప సభ పెట్టించాను. పాస్టరు గారు ఒప్పుకున్నారు. నువ్వూ రావాలి.
నీ మేలు కోరే,
హిల్డా
తా.క. హామ్ శాండ్‌విచ్‌లు చేస్తున్నాం. నీకు పడకపోతే గుడ్డువి ఉంటాయి.

లీడ్స్
హిల్డా గారూ,
దయచేసి సభ ఆపించండి. లేదంటే శనివారం నేనే వచ్చి అందరి ముందూ నిలబడతాను. అప్పుడైనా నమ్ముతారు.
ఇంకా బతికే ఉన్న,
రోవెనా
తా.క. గుడ్డువే నాకిష్టం.

విట్బీ
అమ్మా రోవెనా,
శనివారం నేను ఆఫీసు అమ్మాయి కోసం చూస్తూ ఉన్నాను. తలకి స్కార్ఫు కట్టుకుని చివరి బల్ల మీద కూర్చున్న నిన్ను ఎవరూ పోల్చుకోలేదు. చేపల కొట్టు ఆల్ఫ్రెడ్ లేచి, భార్య ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నీ గొంతు వింటేగాని తనకి ముద్ద దిగేది కాదన్నాడు. నత్తి ఉన్న తన కొడుకు నీతోపాటు వార్తలు చదువుతూ మాట నేర్చుకున్నాడని పోస్టాఫీసు డోరీన్ చెప్పింది.
అప్పుడు నువ్వు లేచావు. బొంగురుపోయిన గొంతుతో, "ఆవిడ గర్విష్ఠి. రేడియోని చిన్నచూపు చూసింది. మీలాంటివాళ్ళు వింటున్నారని ఒక్కరోజైనా అనుకోలేదు" అన్నావు.
చర్చిలో అందరూ నీవైపు గుర్రుగా చూశారు. పోయిన మనిషిని చర్చిలో అంత మాట అనగలిగేది ఆ మనిషి ఒక్కతే. నాకు అప్పుడు తెలిసింది.
ఎందుకు నోరు విప్పలేదంటావా? మావాళ్ళు బతికున్న మనిషికి మంచిమాట చెప్పరమ్మా. నువ్వెవరో చెబితే అందరూ వాన గురించి మాట్లాడుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఇంకా చెప్పాల్సినవాళ్ళు మిగిలారు, నువ్వు వినాల్సిందీ మిగిలింది.
మా ఆయన రేడియో అటక మీంచి దింపాను. నెల మారినా నీ గొంతు వస్తూనే ఉంది. సంతోషం.
ప్రేమతో,
హిల్డా
తా.క. నీ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే రేడియోలో ఎవరో రోవెనాని అనుకరిస్తోందనీ, పాపం ఆవిడంత బాగా రావడంలేదనీ ఆల్ఫ్రెడ్ అంటున్నాడు.