రెండు మార్కుల ఇత్తడి గుండు

ప్రొఫెసరు గారికి,

నమస్కారాలు. మీరూ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను క్షేమం. నా ఆత్మవిశ్వాసం అంతకన్నా క్షేమం.

నన్ను గుర్తుపట్టారా? పదకొండేళ్ళ కిందట మీ కొలతల శాఖలో చదివాను. తూకాల గదిలో ప్రతిదానికీ "ఇంకోసారి తూస్తాను సార్" అంటుంటే విసిగిపోయి మీరే నాకు 'ఇంకోసారి' అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ వదల్లేదు. మా అక్క పిల్లలు కూడా 'ఇంకోసారి పిన్నీ' అనే పిలుస్తారు.

పదేళ్ళుగా, కొట్లలో వాడే కాటాలు సరిచూసి ముద్ర వేసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇక్కడ పైకి వెళ్ళాలంటే మా పై అధికారి రిటైర్ కావాలి. ఆయన నాకన్నా రెండేళ్ళే పెద్ద.

అసలు సంగతికి వస్తాను. ప్రమాణాల సంస్థలో, అంటే దేశంలో ఉన్న తూకపు గుండ్లన్నిటికీ తల్లి లాంటి గుండుని గాజు మూత కింద పెట్టి కాపాడే చోట, తూకాల గదికి అధికారి కావాలట. ఆ పోస్టు నా కోసమే పుట్టింది. అర్హతలన్నీ ఉన్నాయి. చదువు చెప్పిన ప్రొఫెసరు రాసిన సిఫార్సు ఉత్తరం ఒక్కటే తక్కువ. అది మామూలుగా ఉంటే చాలదు సార్, గట్టిగా ఉండాలి. వచ్చే నెలాఖరు దాకా గడువుంది.

మీ దగ్గర మూడేళ్ళూ నేనే మొదట వచ్చాను కాబట్టి మీరు మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. చివరి ప్రాక్టికల్లో ఇత్తడి గుండు తూకం తప్పు చెప్పానని రెండు మార్కులు కోసి అరవై రెండు వేశారు. అదంతా నేను ఎప్పుడో మర్చిపోయాను.

ఇట్లు,
మీ శిష్యురాలు
ఇంకోసారి

తా.క.: మర్చిపోలేదు. నేను చెప్పింది 99.982 గ్రాములు. మీ పుస్తకంలో ఉన్నది 99.986.

*

చిరంజీవి ఇంకోసారికి,

ఆశీస్సులు. గుర్తున్నావు.

పోస్టు నీ కోసమే పుట్టిందని రాశావు. పోస్టులు పుట్టవు, మంజూరవుతాయి.

నువ్వడిగిన సిఫార్సు విడిగా సంతకం పెట్టి జతచేశాను. అందులో రాసింది ఇదీ: "ఈమె పని ఫరవాలేదు. మూడేళ్ళలో ఈమె తూచిన దేన్నీ నేను మళ్ళీ తూచలేదు."

రెండు వాక్యాలకి రెండు రోజులు పట్టింది. ఇంతకన్నా గట్టిగా రాయడం నాకు చేతకాదు.

నీ ప్రొఫెసరు

తా.క.: ఇత్తడి గుండు సంగతి ఇప్పుడెందుకు?

ఇంకో తా.క., ఇది నేను, మీ అమ్మగారిని: అమ్మాయీ, ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నా వంటని ఈయన ఒక్కసారే 'ఫరవాలేదు' అన్నారు. ఆ తేదీ బీరువా తలుపు లోపల రాసిపెట్టుకున్నాను.

*

ప్రొఫెసరు గారికి,

నమస్కారాలు, ఈసారి కాస్త ఎడంగా నిలబడి.

మీ సిఫార్సు అందింది. చదివి, కాయితం వెనక్కి తిప్పి చూశాను. కవరు దులిపాను. మిగతా ఉత్తరం దారిలో జారిపోయిందేమోనని పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పిలిచి సంచీ కూడా వెతికించాను.

'ఫరవాలేదు' ఏమిటండీ! మెట్ల మీద జారిపడ్డ వాణ్ణి దెబ్బ తగిలిందా అని అడిగితే ఫరవాలేదంటాడు. రెండో వాక్యం మరీ అన్యాయం. నేను చేసిన పని ఒక్కసారైనా సరిచూసే తీరిక మీకు లేకపోయిందని మీరే రాసిస్తే, ఇక నాకు ఉద్యోగం ఎవరిస్తారు? అమ్మగారి కష్టం మాత్రం బాగా అర్థమైంది. పాపం, తేదీతో సహా గుర్తుపెట్టుకున్నారంటే ఎంత బాధపడ్డారో!

మీకు శ్రమ ఎందుకని నేనే ఒకటి రాశాను. కింద సంతకం పెడితే చాలు. "ఈమె అసమాన ప్రతిభాశాలి. రాత్రింబవళ్ళు శ్రమించే కార్యదక్షురాలు. ఈమె వంటి విద్యార్థిని మా శాఖలో నభూతో నభవిష్యతి..." అలా ఒక పేజీ నడుస్తుంది. ఎక్కువైందనిపిస్తే చెప్పండి, ఇంకొంచెం కలుపుతాను.

ఇట్లు,
కార్యదక్షురాలైన
ఇంకోసారి

తా.క.: మీ రెండు వాక్యాలు వృథా పోలేదు. ఆఫీసులో నా కాటా బల్లకి ఒక కాలు పొట్టి. మీ సిఫార్సు నాలుగు మడతలు వేసి దాని కింద పెట్టాను. బల్ల ఇప్పుడు కదలడం లేదు.

మరో తా.క.: 99.982.

*

చిరంజీవి ఇంకోసారికి,

ఆశీస్సులు. నీ ముసాయిదా ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. వందకి ముప్ఫై ఒకటి వేశాను. ఆ ముప్ఫై ఒకటీ చేతిరాతకి.

'అసమాన ప్రతిభ' అన్నావు. ఎవరితో పోల్చి? పోల్చినవాళ్ళ సంఖ్య వెయ్యలేదు. 'రాత్రింబవళ్ళు' అన్నావు. మన కాలేజీకి ఐదింటికి తాళం వేసేవారు. తాళం చెవి నా దగ్గరే ఉండేది. నభూతో వరకు ఒప్పుకోవచ్చు, పాత రిజిస్టర్లు నా దగ్గరున్నాయి కాబట్టి వెతికి చెప్పగలను. నభవిష్యతి సంగతి నాకెలా తెలుస్తుంది? 'అందరితోనూ కలుపుగోలుగా ఉంటుంది' అనేది పచ్చి అబద్ధం. నీ పక్క బల్లవాడు తూస్తుంటే "గాలి వదలకు" అని కసురుకుని వాణ్ణి ఏడిపించావు.

కొలవని దాన్ని రాయకూడదని నీకు మొదటి రోజు మొదటి గంటలో చెప్పాను. నేను రాసిన రెండు వాక్యాలే పంపు.

నీ ప్రొఫెసరు

తా.క.: బల్ల కాలు కింద కాయితం పెడితే తేమకి కుంగుతుంది. రేకుముక్క పెట్టు.

అమ్మగారి తా.క.: నాకేం కష్టం లేదమ్మాయ్, నువ్వు అపార్థం చేసుకున్నావు. ఆ రోజు నేను రెండు పూటలా అదే వండాను.

*

ప్రొఫెసరు గారికి,

నమస్కారాలు. ఇది కోపంతో రాస్తున్నది కాదు, కోపం మొన్నటితో అయిపోయింది.

మీ పక్క శాఖలో ఉష్ణం పాఠాలు చెప్పే ప్రొఫెసరు గారు అడిగినవాళ్ళందరికీ 'శతాబ్దానికి ఒక్కరు' అని రాసిస్తారు. పోయినేడు ఒక్క ఏడే పద్నాలుగుమందికి రాశారట. పద్నాలుగు శతాబ్దాలు ఎక్కణ్ణుంచి తెచ్చారో తెలీదు గానీ, అందరికీ ఉద్యోగాలొచ్చాయి.

సార్, ఉన్నమాట చెప్తాను. ఈ పోస్టుకి రెండుసార్లు దరఖాస్తు పెట్టాను, రెండుసార్లూ ఇంటర్వ్యూకే పిలవలేదు. నాకు వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. ఇక నాలుగోసారి ఉండదు. ఇక్కడ రోజుకి నలభై కాటాలు చూస్తాను. ఒక్కోదానికి ఐదు నిమిషాలు. "ఇంకోసారి" అన్నానంటే వెనకనున్న వరసంతా నన్ను తిడుతుంది. ఒక్క మిల్లీగ్రాము కోసం పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నా ఎవరూ ఏమీ అనని చోటు నాకు కావాలి. అలాంటి చోటు నాకు తెలిసినంతలో రెండే ఉన్నాయి. ఒకటి మీ తూకాల గది. రెండోది ఇది.

ఆ ముసాయిదా మీద సంతకం పెట్టండి. నాకోసం.

ఇట్లు,
ఇంకోసారి

తా.క.: ఇత్తడి గుండు మాట ఈసారి ఎత్తను.

*

చిరంజీవి ఇంకోసారికి,

నీ ముసాయిదా ఉన్నదున్నట్టు సాఫురాసి, సంతకం పెట్టి, సంస్థకి నేరుగా పంపించేశాను. నభవిష్యతి దగ్గర ఆగి మంచినీళ్ళు తాగాను.

ఎందుకు పంపానని అడక్కు. గుండు మాట ఎత్తనన్నావు, అది ఎత్తినదానికన్నా ఎక్కువైంది.

నీ ప్రొఫెసరు

అమ్మగారి తా.క.: సంతకం పెట్టాక సబ్బుతో చేతులు కడుక్కున్నారు. కానీ పంపారు! దిగులుపడకు.

*

ప్రొఫెసరు గారికి,

కొంప మునిగింది సార్.

సంస్థ నుంచి వచ్చిన ఉత్తరంలో ముక్కలు అలాగే దింపుతున్నాను: "సదరు ప్రొఫెసరు గారి సిఫార్సులు ఈ కార్యాలయానికి ముప్ఫై ఏళ్ళుగా అందుతున్నవి. వాటిలో ఇంతవరకు పొగడ్త కనిపించలేదు. మీ తరఫున అందిన ఉత్తరంలో పదకొండు ఉన్నవి. కావున దీనిని మీరే సృష్టించి దొంగ సంతకం చేసినట్టు అనుమానించవలసి వస్తున్నది. వచ్చే గురువారం స్వయంగా హాజరై సంజాయిషీ ఇవ్వగలరు."

దొంగ సంతకమట! పదేళ్ళుగా దొంగ తూకాలు పట్టుకునే నన్ను పట్టుకుని! పోస్టు సరే, ఈ మాట మా ఆఫీసులో తెలిస్తే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది. నిన్న ఒకే కాటాకి రెండుసార్లు ముద్ర వేశాను.

మీరు వెంటనే, ఈ ఉత్తరం అందిన గంటలోనే, "అది నేను రాసిందే" అని వాళ్ళకి ఒక్క ముక్క రాయండి. ఒక్క ముక్క చాలు. దయచేసి ఇంకేమీ కలపొద్దు.

ఇట్లు,
నిర్దోషి అయిన
ఇంకోసారి

తా.క.: తప్పు నాదే. మీరు పెట్టింది పేలవంగా ఉందని నేను పోపు పెట్టాను.

*

చిరంజీవి ఇంకోసారికి,

సంస్థవాళ్ళు నన్ను కూడా అడిగారు. నీ ఉత్తరం ఒకరోజు ఆలస్యంగా అందింది. అప్పటికే జవాబు పంపేశాను. "సంతకం నాది, మాటలు ఆమెవి" అని రాశాను. అడిగినదానికి ఉన్నది చెప్పాను.

గురువారం సమయానికి వెళ్ళు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు.

నీ ప్రొఫెసరు

అమ్మగారి తా.క.: నేను పక్కింటికెళ్ళి వచ్చేలోపల పోస్టు డబ్బాలో వేసేసి వచ్చారమ్మా! నిన్నటినుంచి ఆయనతో నాకు మాటల్లేవు. ఆయన అది ఇంకా గమనించలేదు.

*

ప్రొఫెసరు గారికి, అమ్మగారికి,

కూర్చుని చదవండి.

గురువారం వెళ్ళాను. పొడుగాటి గది, నున్నటి బల్ల, అవతల ముగ్గురు. నడుమ అధ్యక్షురాలు. తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. ముందు నా పదకొండు పొగడ్తలూ పైకి చదివించారు. పరాయివాళ్ళ గొంతులో వింటే నాకే నవ్వొచ్చింది. "ఇది ఆయన భాష కాదు. ఆయన నిజంగా మీ గురించి ఏమైనా రాశారా?" అని అడిగారావిడ.

నా సంచిలో మీ మొదటి సిఫార్సు ఉంది. సంతకం పోల్చి చూపిద్దామని బయల్దేరే ముందు బల్ల కింద నుంచి లాగి తెచ్చుకున్నాను. మడతలు విప్పి ఇచ్చాను. మధ్యలో బల్లకాలు గుండ్రంగా అచ్చుపడింది.

ఆవిడ చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. పక్కవాళ్ళకి ఇచ్చారు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనూ ఆయన స్టూడెంట్‌నేనమ్మా," అన్నారావిడ. "నేను తూచిందల్లా ఆయన మళ్ళీ తూచేవారు. మూడేళ్ళు. ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. నా సిఫార్సులో ఏం రాసిచ్చారో తెలుసా? 'ఈమె సమయానికి వచ్చును' అని. ఆ ఒక్క ముక్కతోనే నన్ను ఇక్కడ తీసుకున్నారు. 'మళ్ళీ తూచలేదు' అని ఆయన ఎవరికైనా రాస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. ఇంత కాయితం చేతిలో పెట్టుకుని ఆ చెత్తంతా ఎందుకు పంపించావు తల్లీ?"

"దీన్ని బల్లకాలు కింద పెట్టానండీ" అని చెప్పాను. అడిగినదానికి మాత్రమే.

ఒకటో తారీకున చేరుతున్నాను సార్. మీరు రెండు రోజులు కూర్చుని రాసిన రెండు వాక్యాలు అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ గదిలోనే ఏడ్చేశాను. సంతోషమే, కానీ సిగ్గు కూడా కలిసింది. మీ సిఫార్సుని బల్లకాలు అచ్చుతో సహా నా ఫైల్లో మొదటి కాయితంగా పెట్టారు.

ఇట్లు,
మీరు మళ్ళీ తూచని
ఇంకోసారి

తా.క.: అమ్మగారూ, బీరువా తలుపు సంగతి నాకు ఇప్పటికి అర్థమైంది.

మరో తా.క.: మా ఆఫీసు బల్ల మళ్ళీ కదులుతోంది. ఇంకో సిఫార్సు ఉంటే పంపమని మా పై అధికారి అడుగుతున్నారు.

*

చిరంజీవి ఇంకోసారికి,

ఆశీస్సులు. సంతోషం. రెండు నిమిషాలు ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను.

అయితే, ఫైల్లో మొదటి కాయితంగా పెట్టిన ఆ సిఫార్సులో ఒక తప్పుంది. నువ్వు చేరేలోపల చెప్పడం నా విధి.

నువ్వు తూచిన దేన్నీ మళ్ళీ తూచలేదని రాశాను. ఒకసారి తూచాను. ఫలితాలు వచ్చిన వారానికి, గదిలో ఎవరూ లేనప్పుడు, ఆ ఇత్తడి గుండు తీసి తూచాను. పుస్తకంలో నేను రాసుకున్న 99.986 వచ్చింది. నీ తప్పు రుజువైందని సంతోషించి, గుండు పెట్టెలో పెడుతూ దాని పిడి సందులోకి చూశాను. తోమిన పొడి రవంత ఇరుక్కుని ఉంది. ఏడాది ముందు నేను తూచినప్పుడూ ఉండేదన్నమాట. పరీక్ష రోజు నువ్వు చిన్న బ్రష్షు పెట్టి ఆ సందు తుడిచి మరీ తూచడం నేను చూశాను, సమయం వృథా చేస్తున్నావని కోప్పడ్డాను కూడా. పరీక్ష అయ్యాక గుండ్లన్నీ మళ్ళీ తోమించాను, మళ్ళీ ఇరుక్కుంది. అప్పుడు తుడిచి తూచాను. 99.982.

అప్పటికి నువ్వు సామాను సర్దుకుని వెళ్ళిపోయావు. ఉత్తరం రాయొచ్చు. రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి, తన తప్పు దిద్దుకోడానికి లేవలేదు. నీ ముసాయిదా మీద సంతకం పెట్టింది కూడా అందుకే. రెండు మార్కులకి బదులు పదకొండు పొగడ్తలు ఇస్తే సరిపోతుందనుకున్నాను. లెక్క తప్పింది.

పాత మార్కుల పుస్తకం తీసి, అరవై రెండు కొట్టేసి అరవై నాలుగు వేశాను. దిద్దిన చోట తేదీ వేసి సంతకం పెట్టాను. మీ అధ్యక్షురాలికి ఈ సంగతి చెప్తావో లేదో నీ ఇష్టం. చెప్తే నామీద ఆవిడకి ఉన్న గౌరవం ఎంత తగ్గుతుందో కొలిచి రాయి.

నీ ప్రొఫెసరు

అమ్మగారి తా.క.: పదకొండేళ్ళుగా ఈయన అప్పుడప్పుడు ఉన్నట్టుండి "పిడి సందులో" అని గొణుగుతుంటే, తలుపు పిడి ఊడిందనుకుని మూడుసార్లు వడ్రంగిని పిలిపించానమ్మాయ్! కింద కాస్త చోటు వదిలాను, ఇంకా ఏదో రాయాలట.

తా.క.: నేను రిటైరైన రోజు గుర్తుగా ఏం కావాలని కాలేజీవాళ్ళు అడిగితే ఆ గుండు అడిగి తెచ్చుకున్నాను. దాన్ని దూదిలో చుట్టి ఈ ఉత్తరంతో పాటు నీకు పంపుతున్నాను. మీ గదిలో ఇంతకన్నా మంచి కాటా ఉంటుంది. దానిమీద పెట్టి చూసి, ఎంత వచ్చిందో రాయి. ఎంతొచ్చినా సరే, నేను మళ్ళీ తూచను.