అద్దంకికి బదిలీ

అక్టోబర్ 4, 2024. శుక్రవారం సాయంత్రం

నగునూరు నాది. నేను చెరువులు తవ్విన సీమ. ఈ మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే దేవన్న కాక దాన్ని నా దగ్గర లాక్కుని, నిన్నగాక మొన్న వచ్చిన మహబూబ్ బాషాకు ఇచ్చేశాడు. నన్ను అద్దంకికి తోసేశాడు. ఒక్క మాట అడగలేదు.

ఆటే. ఆట అని నాకూ తెలుసు. స్ప్లిట్ ఏసీ వచ్చిన డబ్బా చింపి, దాని మీద నేనే మార్కర్‌తో గీసిన కాకతీయ రాజ్యం. లబన్ అనే మజ్జిగ సీసా మూత పెడితే చెరువు. ఖర్జూరం గింజ పెడితే బంటు. ఇక్కడ గల్ఫ్‌లో, సులైలో మా క్యాంపు రూంలో సెలవు రోజని ప్రతి శుక్రవారం నడుస్తుంది. చెరువు ఉంటే పంట, పంట ఉంటే బంట్లు. రాజు అడిగినప్పుడు బంట్లను పంపితే నాయకుడు, పంపకపోతే సీమ ఊడుతుంది. కాకతీయుల నాయంకరం ఇలా ఉండేదని సైట్‌కు పోయే బస్సులో యూట్యూబ్ చూసి, పీడీఎఫ్‌లు చదివి నేర్చుకున్నాను. నేను టెన్త్ ఫెయిల్. నాకెవడూ చెప్పలేదు.

నగునూరే ఎందుకంటే మా ఊరు ఆ కోట పక్కనే. నిజంగా అక్కడ మాకు గుంట భూమి లేదు. అట్ట మీదన్నా ఉండనీ అనుకున్నా. ఎండాకాలం అంతా ఆడి ఐదు చెరువులు నింపాను. ఎప్పుడూ బంట్లు తక్కువ పంపలేదు. మరి ఎందుకు తీసేసినట్టు?

అడిగాను. దేవన్న కాక మా రాజు. రూంలో అందరికంటే పెద్ద, నిర్మల్ మనిషి. గోడకు ఆనుకుని పుల్లతో పళ్లు గెలుక్కుంటూ, రాజు ఏ నాయకుణ్ణయినా ఎప్పుడయినా మార్చొచ్చని రూల్ రాసింది నువ్వే కదా అన్నాడు. ముల్తాన్ నుంచి వచ్చిన ఇష్రత్ పడి పడి నవ్వాడు. వాడికేం, వాడి గండికోట వాడికే ఉంది.

అవును, నేనే రాశాను. నాయకుడు ఒక్కచోటే పాతుకుపోతే రాజుకే ఎదురు తిరుగుతాడని రాశాను. నా మీదే వాడతారని రాయలేదు.

అక్టోబర్ 5

ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ పట్టించుకోలేదు. అది ఇంకా మంట.

అక్టోబర్ 6, ఆదివారం

క్యాంప్ బాస్ దగ్గరికి పోయి సి బ్లాక్‌లో బెడ్ అడిగాను. ఎందుకన్నాడు. రూమ్మేట్స్ ప్రాబ్లం అన్నాను. అక్కడ ఒకాయన ఎగ్జిట్ మీద ఇంటికి పోతున్నాడట, వచ్చే ఆదివారం ఖాళీ అవుతుందట. ఆ బ్లాక్‌లో తెలుగువాడు ఒక్కడూ లేడు. లేకపోతే లేకపాయె. అట్ట నాది, నాతోనే తీసుకుపోతా. అప్పుడు ఎవరి సీమ ఎవరికి ఇచ్చుకుంటారో చూస్తా.

అక్టోబర్ 8, మంగళవారం

ఈ మహబూబ్ బాషాది జమ్మలమడుగు. నలభై అయిదేళ్లు ఉంటాయి. ఊళ్లో లారీ డ్రైవర్. ఇక్కడి లైసెన్స్ ఇంకా రాలేదు కాబట్టి గోడౌన్‌లో హెల్పర్‌గా వేశారు. నా కింది బెడ్. ఇంటికి ఫోన్ చేసి బాగుండా, బాగుండా అంటాడు, ఫోన్ పెట్టి గోడ వైపు తిరుగుతాడు. కంచంలో అన్నం అలాగే ఉంటుంది.

డ్యూటీ నుంచి వచ్చేసరికి అట్ట ముందు గొంతుక్కూర్చుని తడిగుడ్డతో నా మూతల మీద దుమ్ము తుడుస్తున్నాడు. ఒళ్లు మండింది. నా చెరువులు తను తుడవడమేంటి?

అక్టోబర్ 11, శుక్రవారం

ఆడనని చెప్పి కూర్చున్నా. పాచికలు చేతికి ఇచ్చేసరికి వేశా.

అద్దంకిలో ఏముంది? మూడు గింజలు. ఇంతవరకు దాన్ని ఎవరూ తీసుకోలేదు. రాజు బంట్లను అడిగితే కోపంతో ఆ మూడూ పంపేశా. బాషా అయితే రాజు అడిగిన దానికంటే ఎక్కువే పంపాడు. ఐదో చెరువు కింద పంట ఎంత వస్తదని నన్నే అడిగాడు. చెప్పాను, ఏం చేస్తాం. తర్వాత ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఆట అయ్యాక వాటర్ కూలర్ దగ్గర దేవన్న కాకను పట్టుకున్నా. నేనేం తప్పు చేశానో చెప్పమన్నా. సీసా నింపుకుని మూత బిగించాడు. తర్వాత అన్నాడు:

"వచ్చిన కాడికెల్లి బాషా అన్నం ముడుతలేడు. ఉత్త అట్ట చేతుల వెడితె ఏం జేస్తడు? నీళ్లున్న సీమ గావాలె ఆయనకు. నీకు తవ్వుడొస్తది. నిన్ను యాడ పడేసినా తవ్వుకుంటవ్."

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తె ఇద్దువా?"

ఇవ్వను. అది కాకకూ తెలుసు.

గండికోట బాషా ఊరి పక్కదే కదా, ఇష్రత్ దగ్గర తీసుకుని అదే ఇవ్వకపోయావా అన్నాను. అడిగాడట. గండికోటలో రాళ్లు తప్ప ఏముండాయన్నా, చిన్నప్పట్నుంచీ చూస్తాండా, నాకొద్దు అన్నాడట బాషా.

నవ్వొచ్చింది. ఆపుకున్నా. కాక చెప్పింది నిజమే. నిజమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడుంది?

అక్టోబర్ 13, ఆదివారం

బెడ్ ఖాళీ అయిందని క్యాంప్ బాస్ పిలిచాడు. వద్దన్నా. ప్రాబ్లం తీరిందా అన్నాడు. తీరలేదన్నా. నా మొహం చూసి తల గోక్కున్నాడు.

అక్టోబర్ 18, శుక్రవారం

బస్సులో అద్దంకి మ్యాప్ చూశా. పక్కన గుండ్లకమ్మ ఉంది! ఏరు పక్కన పెట్టుకుని చెరువు కోసం ఏడుస్తున్నా. అట్ట మీద బ్లూ మార్కర్‌తో గీశా. ఇష్రత్ ఒప్పుకోలేదు. నిన్నటిదాకా లేని నది ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది, ఇది చీటింగ్ అని హిందీలో గొడవ. అన్నం చల్లారిపోయేదాకా పంచాయితీ నడిచింది. మనమంతా పుట్టకముందు నుంచే ఆ ఏరు ఉంది, సాయికుమార్ ఇవాళ చూసిండు అంతే అని నన్ను చూపిస్తూ రాజు తీర్పు చెప్పాడు. మొదటి మూత పెట్టాను.

బాషా పది గింజలు తెచ్చి నా సరిహద్దులో పెట్టాడు. అడగలేదు నేను. తీసెయ్యమన్నా.

"నీ చెరువుల నీళ్లు తాగిన బంట్లే గదబ్బీ," అన్నాడు.

ఉంచుకున్నా.

సాయంత్రం చల్లగాలి మొదలైంది. ఏసీ ఆపి తలుపు తీసిపెట్టాం. బతా బజారు నుంచి బొరుగులు తెచ్చి బాషా ఉగ్గాని చేశాడు. కారం ఎక్కువ. ఇష్రత్ ముక్కు తుడుచుకుంటూనే మూడుసార్లు పెట్టించుకున్నాడు. చాలా బాగుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ బాగుంది.

అక్టోబర్ 25

దక్షిణం నుంచి పాండ్యుల దండు వచ్చింది. పాచికలు అన్నీ నాకు ఎదురే పడ్డాయి. సగం గింజలు పోయాయి. అద్దంకి పోలేదు.

నవంబర్ 1, శుక్రవారం

మళ్లీ ఒక్క మాట అడగలేదు!

బాషాకు లైసెన్స్ వచ్చింది. ఇక లారీ ఎక్కుతాడు. మనిషి తేటగా ఉన్నాడు. తనే రాజు ముందు కూర్చుని, ఇన్నాళ్లు నీళ్లున్న చోట కూచోబెట్నారు, ఇంక పిల్లోని నగునూరు పిల్లోనికి ఇచ్చేయండన్నా అన్నాడు. దేవన్న కాక మురిసిపోయాడు. వచ్చే శుక్రవారం నేను నగునూరుకు, బాషా అద్దంకికి. అందరూ నా మొహం చూశారు, ఎగిరి గంతేస్తానని.

నా రెండో చెరువు కట్ట సగంలో ఉంది. పాండ్యులు మళ్లీ వస్తారు. ఏ దారిన వస్తారో నాకే తెలుసు.

"ఏమాయెరా, దానికోసమే గద మొన్నటిదాంక మూతి ముడుసుకున్నవ్?" అన్నాడు కాక.

వంగి గుండ్లకమ్మ పక్కన మూత సరిచేశా. వాళ్లు ఇంకా నవ్వుతున్నారు.

నవంబర్ 2. బస్సులో

రాజుకు అద్దంకి నాయకుడు రాసేది. నగునూరు బాషా భాయ్‌కే ఉండాలి. గుండ్లకమ్మ మీద చెరువు నిండేదాకా నన్ను కదపొద్దు. జవాబు గురువారం లోపు కావాలి. రాకపోతే శుక్రవారం మీరెంత అడిగినా అద్దంకి నుంచి ఒక్క బంటు కదలడు.