గాలిమోటరు మీద వడిసెల

హన్మకొండ,
19–2–1981

చి.ల.సౌ. చిలుకమ్మకు నీ పెనిమిటి సారంగపాణి దీవించి రాసేది. ఇక్కడ నేను, అమ్మ, నా మీసం ముగ్గురం క్షేమం. రఘునాథపల్లిలో నువ్వు, చిన్నది, అత్తమ్మ, మామ అందరూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి మనసు కుదుటపడింది.

మీసం ముచ్చట ముందుగా ఎందుకు రాశానంటే, నువ్వు అడిగిన మొదటి ప్రశ్న అదే కాబట్టి. "మీసం ఉన్నదా, తీసినవా?" అని రాశావు. చిన్నది పాలు బాగా తాగుతున్నదన్న సంగతి ఆ తర్వాత రాశావు. ఉన్నది చిలుకా, ఉన్నది. రెండు రోజులుగా నూనె రాసి దువ్వుతున్నాను కూడా.

అన్నం వేళకు తింటున్నాను. అమ్మను మోకాళ్ల నొప్పులకు దవాఖానకు తీసుకుపోయాను. "నొప్పి గింత, గోలీలు గన్ని" అని డాక్టరును తిట్టుకుంటూనే మింగుతున్నది. ఇక నీ చివరి ప్రశ్న. "చిన్నదాన్ని తొట్టెల ఏసే నాడు కెమెరా పట్టుకొస్తవా, రావా? అవునో కాదో ఒక్క మాట రాయి" అన్నావు. ఆ మాట ఆఖరున రాస్తాను. ముందే కాగితం తిప్పి చూడకు, నీ సంగతి నాకు తెలుసు.

నువ్వు ఎందుకు అడిగావో కూడా తెలుసు. చిన్నదాన్ని చూడటానికి వచ్చిన రోజు నా చేతిలో కెమెరా లేదు. షట్టరు రిపేరుకు ఇచ్చానన్నాను. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. నీ పెట్టెలో చీరల కింద దాచుకున్న ఫోటో నా కళ్ల ముందు మెదిలింది. మూడో నెలలో జ్వరానికి పోయిన మన పెద్దదానిది అదొక్కటే ఫోటో. తొట్టెల నాడు నేను తీసిందే. అందులో గౌను కనిపిస్తుంది, చేతి గాజులు కనిపిస్తాయి, ముఖం మాత్రం పొగలాగా చెరిగిపోయి ఉంటుంది.

సరే, ముందు మొన్న మామునూరు గాలిమోటర్ల మైదానంలో జరిగిన సంగతి విను. గాలిమోటర్ల ఆటలు చూడటానికి వరంగల్, హన్మకొండ ఒక్కటై కదిలాయి. సైకిళ్లు, రిక్షాలు, ఎడ్లబండ్లు, ఒక ట్రాక్టరు నిండా బడిపిల్లలు. మన ఫోటో దుకాణానికి పోటీ అయిన చౌరస్తా స్టూడియో సాంబయ్య మూరెడు పొడుగు లెన్సు కొత్తగా తెప్పించాడు కదా, దాన్ని మెడలో వేసుకుని పెళ్లికొడుకులా వచ్చాడు. వాడి ముందే కదా నేను హోటల్లో చాయ్ తాగుతూ, "ఎగిరే గాలిమోటరును నా పాత యాషికా కెమెరాల పట్టకుంటె మీసం తీసేస్త" అని కూశాను. నోరు జారితే ఏమవుతుందో నీకు చెప్పేదేముంది, నన్ను చేసుకున్న దానివి.

అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. సద్దిమూటతో సహా రిక్షా ఎక్కించుకుపోయాను.

మొదటి గాలిమోటరు రానే వచ్చింది. నా కెమెరాను కడుపు దగ్గర పట్టుకుని, తల వంచి పైనున్న అద్దంలో చూడాలి కదా. ఆ అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. స్టూడియోలో కూర్చున్న మనిషికి దానితో ఇబ్బంది లేదు. ఇక్కడ గాలిమోటరు హన్మకొండ వైపు పోతుంటే నేను ఖమ్మం వైపు తిరిగాను. రెండోసారీ అంతే. పైగా అలవాటు కొద్దీ "రెడీ" అని కూడా అరిచాను. చుట్టూ ఉన్న జనం గాలిమోటరును వదిలి నన్ను చూడటం మొదలుపెట్టారు.

"ఏందిరా, అది అటు పోతాంటె నువ్వు ఇటు తిరుగుతానవు?" అన్నది అమ్మ.

"నువ్వు జర ఊకో అమ్మా."

"నేను ఊకుంటగని మంది ఊకుంటాండ్రా? నా కోడలుంటె ఈపాటికి వడిసెలతోని కొట్టి కింద పడగొట్టేది."

జనం గొల్లుమన్నారు. సాంబయ్య అయితే లెన్సు పట్టుకుని మరీ నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు చిలుకా. అమ్మ ఆ మాట అనగానే మీ జొన్నచేను గుర్తుకొచ్చింది. మన పెళ్లయిన కొత్తలో మంచె ఎక్కి, నేనూ పిట్టలను కొడతానని నీ చేతిలోంచి వడిసెల గుంజుకున్నాను. నేను విసిరిన రాయి పోయి మంచె గుంజకే తగిలింది. నువ్వు కడుపు పట్టుకుని నవ్వి, ఆ తర్వాత చెప్పావు. "కండ్లు పిట్ట మీద ఉండాలె, చేతి మీద కాదు. పిట్టతోని నువ్వు గూడ పోవాలె. రాయి ఇడిసినంక గూడ చెయ్యి ఆపొద్దు. ఆపితివా, రాయి నీ కాళ్లకాడనే పడ్తది."

నా కెమెరా మూతకు ముందు వైపు ఒక చిన్న రేకు ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కితే కిటికీలా తెరుచుకుంటుంది. కెమెరాను కంటికి ఆనించి అందులోంచి నేరుగా చూడవచ్చు. కొన్న నాటి నుంచి దాన్ని నేను ముట్టుకున్నది లేదు. ఆ రోజు నొక్కాను. కాళ్లు ఎడంగా పెట్టి, మంచె మీద నువ్వు నిలబడినట్టు నిలబడ్డాను. షట్టరును కావాలనే నిదానం చేశాను. సాంబయ్య చూసి ఉంటే పిచ్చి లేచిందనేవాడు.

ఈసారి గాలిమోటరు తాటిచెట్ల తలల మీదుగా కిందికి వచ్చింది. చెవులు గింగురుమన్నాయి. అమ్మ సద్దిమూటను ఒళ్లోకి దాచుకుంది. నేను దూరం నుంచే దాన్ని కంట పట్టి, దానితో పాటే నడుము తిప్పుతూ తిప్పుతూ, ఎదురుగా రాగానే నొక్కాను. నొక్కాక కూడా ఆగలేదు. అది చెరువు అవతలికి పోయేదాకా తిరుగుతూనే ఉన్నాను. తిరిగి తిరిగి పక్కన ఉన్న పల్లీల బండి మీద పడ్డాను. అతడు తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయలేను.

ఆ సాయంత్రమే రీలు కడిగాను. మొదటివన్నీ ఖాళీ ఆకాశం, ఒకదాంట్లో సాంబయ్య మోచెయ్యి. ఆ తర్వాతది కాగితం మీదికి ఎక్కించి ఎర్రలైటు కింద ట్రేలో వేశాను. మొదట తోక తేలింది, తర్వాత రెక్కలు, తర్వాత పొట్ట మీద అంకెలు. లోపల కూర్చున్న పైలట్ తల కూడా కనిపిస్తున్నది! వెనక తాటిచెట్లన్నీ గీతలు గీతలుగా పారిపోతుంటే, గాలిమోటరు ఒక్కటి కడిగిన ముత్యంలా నిలబడి ఉన్నది. నేను కేక పెట్టేసరికి అమ్మ కరెంటు షాకు కొట్టిందేమోనని పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ల నొప్పి మర్చిపోయి మరీ వచ్చింది.

పెద్దది చేసి అద్దాల షోకేసులో పెట్టాను. పొద్దున్నుంచి దుకాణం ముందు ఒకటే జనం. కాలేజీ సారు ఒకాయన వచ్చి తనకూ ఒకటి కావాలని అడిగాడు. సాంబయ్య వచ్చి చాలాసేపు చూశాడు. వాడి పొడుగు లెన్సులో ఒట్టి తోకలే పడ్డాయట. "అన్నా, నీ మీసానికి దండం" అన్నాడు. వాడితో ఆ మాట అనిపించుకోవడం కంటే సంతోషం ఉంటుందా చెప్పు!

ఉన్నది. అంతకంటే పెద్ద సంతోషమే ఇప్పుడు రాస్తున్నాను. తలుపు దగ్గరికి వేసుకుని చదువు.

షట్టరుకు ఏ రోగమూ లేదు. రోగం నా చేతికి. పెద్దది పోయినప్పటి నుంచి అద్దంలో పసిపిల్ల ముఖం కనిపిస్తే చాలు, నా వేళ్లు వణుకుతాయి. ఊపిరి బిగబట్టి చూశాను, స్టాండు మీద పెట్టి చూశాను, దేవుడికి మొక్కి చూశాను. బిగబట్టిన కొద్దీ వణుకు ఎక్కువే అయింది. అందుకే దుకాణానికి వచ్చిన పసిపిల్లలందరినీ సాంబయ్య దగ్గరికి పంపుతూ వచ్చాను. పసిపిల్లలకు పెట్టే లైటు మా దగ్గర లేదని అబద్ధమాడాను. నీకు కూడా చెప్పలేదు. ఈ బిడ్డ ముఖం కూడా నా చేతిలో చెరిగిపోతుందేమోనని భయపడ్డాను చిలుకా. ఆ భయంతోనే ఖాళీ చేతులతో వచ్చాను.

మామునూరులో నా చెయ్యి వణకలేదు. ఇంటికి వచ్చాక గానీ నాకు ఆ సంగతి తట్టలేదు. గాలిమోటరుతో పాటు కదులుతున్న చేతికి వణకడానికి తీరికే లేకపోయింది. నిన్న బట్టల బజారు నుంచి ఒకామె నాలుగు నెలల పిల్లవాణ్ణి ఎత్తుకొస్తే పంపించలేదు. "ఊపు బిడ్డా, ఒళ్లోనే ఊపు" అని చెప్పి, నేనూ వాడితో పాటే ఊగుతూ తీశాను. వాడి కనురెప్పల వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. నిన్న డార్క్‌రూములో కూర్చుని నేను ఏడ్చాను. ఈ మాట అమ్మకు రాయకు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: అవును. కెమెరా తెస్తున్నాను. రెండు రీళ్లు తెస్తున్నాను. తొట్టెను ఇంట్లో కట్టవద్దని మామతో చెప్పు, వాకిట్లో వెలుతురులో కట్టించు. పెద్దదానప్పుడు "ఆపుండ్రి, ఆపుండ్రి" అని తొట్టె ఆపించి, బిడ్డను కదలకుండా పట్టుకోమన్నాను. ఈసారి ఎవరూ ఆపవద్దు. అత్తమ్మను పాట పాడమను, నువ్వు తొట్టెను ఊపుతూనే ఉండు. మిగతాది నేను చూసుకుంటాను.

ఇట్లు,
నీ పెనిమిటి,
ఇద్దరు ఆడపిల్లల నాయిన,
సారంగపాణి