అక్దస్ అత్తయ్య పళ్ళు, మ్యూజియం వారి పలక

గొల్నూష్ గారికి,

ఇరానీ, అరబ్బు స్త్రీలు తీసిన ఫొటోలతో మా మ్యూజియంలో ప్రదర్శన పెడుతున్నాం. మీరు పంపిన ఫొటో చూసి మా కమిటీలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నల్ల చాదర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆ పెద్దావిడ, కిటికీ గట్టు మీద ఎవరూ ముట్టని ఆ నీళ్ళ గ్లాసు! ఫొటో కింద పలక మీద ఇలా రాయిస్తున్నాం: "నోరు నొక్కేసిన స్త్రీ. తీరని దాహం." మీకు సమ్మతమే కదా?

సానుభూతితో,
హెల్గా బ్రాండ్‌స్టెట్,
ప్రదర్శనల అధికారి

తా.క. గోడకి కూడా నల్లరంగు వేయిస్తున్నాం.

* * *

రష్ట్

హెల్గా ఖానుమ్ గారికి సలాం.

సమ్మతం కాదు! మా ఆడవాళ్ళని మీ దేశాలవాళ్ళు చూసే చూపు గురించి నేను చదివిన కరపత్రాలు పెట్టెడున్నాయి. మీరు ఫొటో చూసి పలక రాయలేదు. పలక ముందే రాసుకుని దానికి తగిన ఫొటో వెతుక్కున్నారు.

ఆవిడ మా నాన్నకి అక్క, అక్దస్ అత్తయ్య. ఆ చాదర్ నలుపు కాదు, చిలకపచ్చ. నలుపు తెలుపు ఫొటోలో అలా పడింది. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ పడీపడీ నవ్వుతోంది. బోసినోరు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. గ్లాసులో ఉన్నది దాహం కాదు, కట్టుడు పళ్ళు! భూతద్దం పెట్టి చూడండి. వీధి మొత్తం ఆవిడ నోటికి జడుస్తుంది. అలాంటి మనిషిని నోరులేనిదాన్ని చేస్తే ఊరుకోను. పలక మార్చండి, లేదా నా ఫొటో తిప్పి పంపండి.

మీకోసం ప్రాణమిచ్చే,
గొల్నూష్

తా.క. ఇది చదివి వినిపిస్తే అత్తయ్య కేకలేసింది. "పరాయి ఊరివాళ్ళని అలా కసురుకుంటావేమే? మీ అమ్మ నీకు మర్యాద నేర్పలేదూ? నా పళ్ళు వాళ్ళకి తగినవి కావు గానీ, వాళ్ళవే అనుకోమని రాయి." రాశాను.

* * *

గొల్నూష్ గారికి,

భూతద్దంతో చూశాం. పళ్ళే! ఇంత లోతైన సంకేతం మా కంటపడనందుకు సిగ్గుపడుతున్నాం. పలక వెంటనే మార్చాం: "కొరికే హక్కునూ లాక్కున్న లోకం." మీ అత్తయ్యగారు పళ్ళు మాకు కానుకగా ఇచ్చారని చెప్పగానే కమిటీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. తీసుకురావడానికి మనిషిని పంపుతున్నాం.

కృతజ్ఞతలతో,
హెల్గా

తా.క. మీ ప్రాణం మాత్రం వద్దు. మా నిబంధనలు ఒప్పుకోవు.

* * *

రష్ట్

హెల్గా ఖానుమ్,

ఎంత పని చేశారు! నేను స్నేహితురాలి పెళ్ళికి పక్కనున్న అంజలీ రేవుపట్నానికి వెళ్ళినప్పుడు చూసుకుని దిగాడు మీ మనిషి. అత్తయ్య భోజనం పెట్టి, టీ ఇచ్చి, "ఇవి మీకు తగినవి కావు, తీసుకోండి" అందట. మావాడైతే "అయ్యో, మీ దగ్గరుంటేనే వాటికి అందం" అనేవాడు. ఆవిడ మళ్ళీ తీసుకోమనేది, వాడు మళ్ళీ వద్దనేవాడు, పళ్ళు ఇంట్లోనే ఉండేవి. మా ఊళ్ళో కొట్టువాడు కూడా ధర అడిగితే "మీకు తగిందే కాదు" అంటాడు. అలాగని ఎవరైనా సరుకు ఎత్తుకుపోతారా? మీవాడు థాంక్స్ చెప్పి, పళ్ళు దూదిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు!

"ఆపలేకపోయావా?" అన్నాను.

"ఇచ్చింది మళ్ళీ అడిగితే రేపు ఇరుగుపొరుగు ముందు ఏ మొహం పెట్టుకోనే?" అంది.

చక్కెర ముక్క పంటికింద పట్టకుండా టీ తాగడం ఆవిడకి చేతకాదు. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తోంది. నలుగురిలో నోరు విప్పడం మానేసింది. ఇప్పుడు నిజంగానే దాహం, నిజంగానే మౌనం! మీ మొదటి పలకని మీరే నిజం చేశారు. పళ్ళు పంపండి. పలక పీకేయండి.

మీకోసం ప్రాణమిచ్చే (ఇదీ మాటవరసకే!),
గొల్నూష్

తా.క. గ్లాసు కూడా పట్టుకుపోయాడు.

* * *

గొల్నూష్ ఖానుమ్ గారికి సలాం.

తలెత్తుకోలేకపోతున్నాను. మా వీధిలో రొట్టెల కొట్టు పెట్టుకున్న ఇరానీ ఆయన దగ్గర కూర్చుని మీ మర్యాదలు నేర్చుకున్నాను. పళ్ళూ గ్లాసూ ఈ పెట్టెలోనే ఉన్నాయి. పలక విషయంలో మాత్రం కమిటీ మొండికేసింది. ప్రదర్శన పుస్తకం అచ్చయిపోయింది, నల్లగోడ ఆరిపోయింది అంటున్నారు. అత్తయ్యగారికి మా అందరి మాటగా చెప్పండి: ఈ మ్యూజియం మొత్తం ఆవిడ కాలిగోటికి సరిపోదు. అయినా ఆవిడదే అనుకోమనండి.

మీకోసం ప్రాణమిచ్చే,
హెల్గా

తా.క. సరిగ్గా రాశానా? మర్యాద లోటు రాకూడదని కమిటీ అధ్యక్షుడి చేత కూడా కింద సంతకం పెట్టించాను.

* * *

రష్ట్

హెల్గా ఖానుమ్ గారికి సలాం.

చాలా బాగా రాశారు. అత్తయ్య పళ్ళు పెట్టుకుని, చక్కెర ముక్క కరకరా నమిలి, మీ ఉత్తరం మళ్ళీ చదివించుకుంది.

"మొత్తమా?"

"మొత్తమేనట, అత్తయ్యా."

"వాళ్ళు వద్దు వద్దనడం తెలియని మనుషులు కదా. వాళ్ళ పద్ధతిలోనే పోదాం. పుచ్చుకున్నానని రాయి."

కనుక మ్యూజియం ఆవిడదైంది. సంతకం కూడా ఉంది. యజమానురాలి ఆజ్ఞలివి: గోడకి చిలకపచ్చ రంగు వేయాలి. పాత పలక ఊడదీయాలి. కొత్త పలక ఆవిడే చెప్పింది: "అక్దస్. చిక్కుళ్ళు ఒలుస్తూ నవ్వుతోంది. పళ్ళు తనవే." కాదంటే, ఇచ్చింది మళ్ళీ అడిగేవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో చూడ్డానికి స్వయంగా వస్తుందట.

మీకోసం ప్రాణమిచ్చే,
గొల్నూష్

తా.క. ఫొటో తీసిన రోజు ఎందుకంత నవ్వావని ఇన్నాళ్ళకి అడిగాను. "నిన్ను చూసేనే! ఆడవాళ్ళ నోళ్ళు ఎలా నొక్కేశారో కరపత్రం చదువుతూ, సాయంత్రం దాకా మాలో ఒక్కర్ని నోరెత్తనిచ్చావా?" అంది. ఇది కూడా పలక మీద వేయించమంటోంది. దయచేసి ఈ ఒక్కటి మాటవరసకే అన్నదనుకోండి.