మేకుకు వేలాడిన బ్యాడ్జీ

రాయగడ, బుధవారం రాత్రి

ఆసుపత్రి ఎక్స్-రే గదిలో ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి నేను జేబుకు పెట్టుకునే బ్యాడ్జీ ఈసారి ఎక్కువ చూపించిందట. రేపు రక్తపరీక్షకు రమ్మన్నారు. ఇంట్లో చెప్పలేదు.

సెలవుకు వచ్చిన అమ్మాయి అన్నం తింటూ తన ఉద్యోగం సంగతి చెప్పింది. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఒకటి ఆకాశాన్నంతా హార్డ్ ఎక్స్-రేలలో, అంటే బాగా శక్తి ఉన్న ఎక్స్-రేలలో, కనిపెట్టి చూస్తుందట. అది పంపేవన్నీ ఈవిడ కంప్యూటర్లో చూస్తుందట.

"మా గదిలో ఒకేపు మిషను, ఇంకోయేపు ఫిల్ము. మీకు ఫిల్మే ఉంది. మరి అటేపు స్విచ్చి ఎవుడు నొక్కుతాడే అమ్మీ?" అన్నాను.

"ఎవుడూ నొక్కడు నాన్నా. సచ్చిపోయిన నక్షత్రాలు పక్క నక్షత్రాన్ని తింటా అవే మెరుస్తాయి."

చచ్చాక ఆకలి పెరుగుతుందన్నమాట.

"మెరుపు కనబడగానే నమ్మెస్తారేటి?"

"ఎలా నమ్ముతాం? అది ఆకాశంలోంచి వచ్చిందా, టెలిస్కోపు ఉన్న సోటే రేడియేషన్ ఎక్కువున్నదా అని ముందు సూసుకుంటాం."

నా ముద్ద నోట్లోనే ఆగిపోయింది. టీకి వెళ్లేటప్పుడు బ్యాడ్జీని ఆ గదిలోనే, సీసపు ఏప్రన్ తగిలించే మేకుకు వేలాడదీసి పోతుంటాను. రెండో టెక్నీషియన్ ఫోటోలు తీస్తూనే ఉంటాడు. అయితే ఆ ఎక్కువంతా తగిలింది నాకా, మేకుకా? ఎన్నిసార్లు అక్కడ మరిచిపోయానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

"ఏటి నాన్నా, అలాగైపోయేవు?"

"మెతుకు అడ్డం పడిందే అమ్మీ."

తగిలింది ఎవరికో తేలకపోయినా, రేపు సూది మాత్రం మేకుకు గుచ్చరు.