అది బల్ల కాదమ్మా

సూర్యాపేట
12–3–1949

అమ్మకు భిక్షం నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని ఎప్పటిలాగే మొదలుపెట్టాలి. నేనైతే క్షేమమే. చెల్లె సరోజ పట్నం దవాఖానలో తన పాప భాగ్యవతి మంచం పక్కనే ఉంది. నేను నిన్ననే అక్కడినుంచి వచ్చాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. భాగ్యవతికి ఆపరేషన్ అయింది. మూత్రపిండం మీద పెరిగిన గడ్డ అది. పసిపిల్లల్లో ఎక్కడో ఒకరికి వస్తుందట. ఆ పక్క మూత్రపిండంతో సహా తీసేశారు. ఒక్కదానితో మనిషి బతకొచ్చు, భయపడకు. గడ్డ మిగులు ఏమన్నా ఉంటే మాడిపోయేలా ఇంకా కరెంటు పెట్టాలట. జావ తాగుతోంది, తాగనని నర్సమ్మతో పోట్లాడుతోంది కూడా. కానీ గడ్డ లోపలే కొంచెం చిట్లిందని, మిగతా చోట్లకు పాకిందేమో కొన్ని నెలలు గడిస్తేగాని చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. "కడుపు ఎవరన్నా తోమిన్రా?" అని కూడా అడిగారు.

సరోజ నీ మీద మండిపడింది. "మా అమ్మనే! నెల దినాలు ఆముదం రాసి తోమింది" అంది. కోదాడ నుంచి బావ కూడా నీకు అదే రాశాడని నీ ఉత్తరం వల్ల తెలిసింది. సరోజ ఆ మాట అన్నప్పుడు దవాఖాన వరండాలో నేను నోరు మెదపలేదు. అమ్మా, అది నా రెండో తప్పు.

మొదటిది, నువ్వు మిర్యాలగూడలో బస్సెక్కి పాపను నా దగ్గరకు తెచ్చిన రోజు జరిగింది. ఇక్కడి మా డాక్టరు తుంగతుర్తి పోయారు. దవాఖాన నిండా జనం. "మా భిక్షం పేరుకే కంపౌండరు, చెయ్యి వెట్టి సూసిండంటే డాక్టరే" అని నువ్వు అందరికీ వినబడేలా అన్నావు. నేను ఉబ్బిపోయాను. పాప ఎడమ డొక్కలో గట్టిగా తగిలింది. చలిజ్వరాలకు ప్లీహం వాచి పిల్లల కడుపులో అట్లా బల్లలు కట్టడం వందలసార్లు చూశాను. బల్లయితే ఊపిరి పీల్చినప్పుడు కిందికి జరుగుతుంది. ఇది జరగలేదు, వీపు వైపు కూడా చేతికి తగిలింది. నాకు అనుమానం వచ్చింది అమ్మా. రేపు డాక్టరుకు చూపిద్దామని అంతమందిలో అనడానికి నామోషీ అయింది. "బల్లనే. క్వినైను తాపియ్యి, రోజూ ఆముదం రాసి గట్టిగ తోము, కరుగుతది" అన్నాను. నేను చెప్పినట్టే నువ్వు చేశావు.

నిన్న బయలుదేరేముందు ఇదంతా సరోజకు చెప్పాను. "నాకెందుకు చెప్తున్నవ్? పొయ్యి అమ్మకు చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక నువ్వు చివర రాయించిన మాట. మట్టయ్య కోడలు కన్నదని, పసిబిడ్డకు నీళ్ళు పోయమని పిలిస్తే "నా చేతులు మంచియి కావు" అని తలుపేసుకున్నావట. ముప్పై ఏళ్ళుగా వేములపల్లిలో మన వాడకట్టున పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ చేతులే నీళ్ళు పోశాయి. వాటి తప్పేమీ లేదు. రేపే పో అమ్మా.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న దుర్గయ్య పంతులుగారికి ఒక మనవి. అయ్యా, దీన్ని మా అమ్మ ఒక్కదానికే చదివి మడిచిపెట్టకండి. మట్టయ్య వాకిట్లో ఆడవాళ్ళంతా కూర్చున్నప్పుడు, నా పేరుతో సహా, మొదటినుంచి మళ్ళీ చదవండి.

ఇట్లు,
నీ కొడుకు
భిక్షం