కాల్చినా, పూడ్చినా లేస్తాను

చితిలో కాలిన మా నాయన, చనిపోయినవాళ్ళంతా లేచే అంత్యదినాన లేవడని మా అమ్మ ముఖం మీదే చెప్పారు. చెప్పింది కొత్తపేటలో మేం పోయే సంఘం పాస్టరు మట్టయ్య అయ్యగారు. మా నాయన పోయినాక పెట్టిన ఆదరణ కూడికలో, మైకులో, వచ్చిన చుట్టాలు భోజనానికి లేవకముందే చెప్పారు. ఈ వీలునామాకు కారణం ఆ ఒక్క మాట.

నేను చింతల వీరేందర్‌ను, చనిపోయిన పోచయ్య కొడుకును. వయసు ఇరవై ఆరు. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల హోర్డింగులకు ఫ్లెక్సీలు బిగించడం నా పని. పోయిన వానాకాలం గాలికి ఒక ఫ్రేము ఊడింది, నేను నడుం బెల్టు మీద వేలాడాను. దించినాక అందరూ నీళ్ళు తాగమన్నారు. నాకు మాత్రం, నేను పోతే నా శవం దగ్గర ఎవరెవరు కొట్లాడతారో అన్న ఆలోచన వచ్చింది. అందుకే ఇంత చిన్న వయసులో ఇది రాస్తున్నాను.

నా తలకాయ సరిగ్గా ఉంది. తాగలేదు. ఎవరూ పక్కన కూర్చుని చెప్పి రాయించలేదు. కోపం ఉంది, ఉంటే ఉంది, కోపానికీ మతి లేకపోవడానికీ సంబంధం లేదు. దీన్ని అమలు చేయాల్సింది మా ఇంటి ఓనరు అరుణమ్మ గారు. ఆమె పూజలు ఆమెవి, మా ప్రార్థనలు మావి. కానీ ఎవరి మొహం చూసీ మాట మార్చే మనిషి కాదు.

1. నా దేహం. ముందుగా దీని సంగతి తేల్చాలి.

మా నాయన చివరి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాడు. పోయిన రోజు ఒకటే వాన. పూడ్చే జాగా కోసం అయ్యగారే తడుస్తూ తిరిగారు, ఆ మాట దాచను. ఎక్కడ అడిగినా స్థలం లేదన్నారు. పొద్దుగూకేసరికి మా పెదనాయన మల్లేశం, "ఇగ ఎంతసేపు ఉంచుతరు? మనోడు మన తీరుగనే పోతడు" అని ఎత్తించి కాల్పించాడు. అస్థికలు వాడపల్లి సంగమానికి తీసుకపోయి నీళ్ళలో కలిపాడు.

ఆ తర్వాత జరిగింది ఆ కూడిక. కాల్చిన ఒంటికి పునరుత్థానం లేదన్నారు అయ్యగారు. మా అమ్మ స్వరూపరాణి ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆ రోజు నుంచి పనికి పోలేదు. ఒకనాడు ఇంట్లో వెల్లుల్లి ఒలుస్తూ, తల ఎత్తకుండా, "నేను పోతే నన్ను గూడ కాల్చుండ్రి. ఆయన లేవని తాన నేను లేచి ఏం జెయ్యాలె?" అంది. పరలోకమే వద్దనుకుంది మా అమ్మ. అయ్యగారి మాట చేసిన పని ఇది.

నాతో పనిచేసే కృష్ణకు ఈ సంగతి చెప్తే, ఫ్రేము మీద కూర్చునే, "అరే వీరూ, గంత పెద్ద దేవుడు అగ్గిపుల్లకు భయపడ్తడారా?" అన్నాడు. పైన ఉన్నాం కాబట్టి కొట్టలేదు. దిగినాక ఆలోచించాను. అయ్యగారి మాట నిజంగా బైబిల్లో రాసి ఉందో లేదో నేనే చూడాలనుకున్నాను.

బడి చిన్నప్పుడే మానేశాను. హోర్డింగుల మీద ర్యాంకర్ల పేర్లు చదివి చదివి చదువు నిలుపుకున్నవాణ్ణి. బైబిలు మొదటి పేజీ నుంచి పట్టాను. పని నుంచి వచ్చి అమ్మకు వినపడేలా చదివేవాణ్ణి. మొదలుపెట్టేముందే ఒకటి గట్టిగా అనుకున్నాను: అట్లా రాసి ఉంటే, ఉందని అమ్మకు చెప్పాల్సిందే. ఆమె ఎంత ఏడ్చినా సరే. మనకు నచ్చిన చోట దేవుని మాట, నచ్చని చోట పాతకాలం మాట అనడానికి కుదరదు. అది సత్యమైతే నా మీద కూడా అధికారం దానిదే. అందుకే పేజీ తిప్పినప్పుడల్లా భయమేసేది.

చివరిదాకా చదివాను. లేదు. మట్టితో చేసిన మనిషి మట్టికే పోతాడని ఉంది. దేవుని ప్రజల మొదటి రాజు శవాన్నీ అతని కొడుకుల శవాలనూ కాల్చి, ఎముకలు పాతిపెట్టిన ఊరివాళ్ళను తర్వాతి రాజు దీవించాడని ఉంది. సముద్రం కూడా తనలో ఉన్న చనిపోయినవాళ్ళను అప్పజెప్తుందని ఉంది. వాడపల్లి నీళ్ళు సముద్రం కన్నా మొండివా? నిప్పు తగిలినవాడు లేవడని మాత్రం ఎక్కడా లేదు.

అమ్మ బైబిలు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "మట్టితోని మనిషిని జేసినోనికి బూడిద కష్టమైతదా, బిడ్డా?" అని నవ్వింది. నాయన పోయినాక ఆమె నవ్వడం అదే మొదలు. తెల్లారి హాస్టల్‌కు పోయింది. నాకైతే ఛాతీ మీద నుంచి ఇనుప ఫ్రేము దించినట్టయింది.

కాబట్టి నా దేహం మా అమ్మ ఇష్టం. జాగా దొరికితే మట్టి, దొరక్కపోతే నిప్పు. ఎవరూ లొల్లి పెట్టొద్దు. ప్రార్థన మాత్రం జరగాలి. చేసేది ఎవరైనా రాసి ఉన్నదే చదవాలి, సొంతం కలపొద్దు.

2. పెదనాయనా, మీ మీద నాకు రెండు కోపాలు ఉండేవి. నాయనను కాల్చారన్నది ఒకటి, అది పోయింది. చితి దగ్గర అమ్మను "నీ ప్రార్థనలు ఇంట్ల వెట్టుకో" అని కసురుకున్నారు, అది ఇంకా ఉంది. అయినా మా నాయన ఎర్ర తువ్వాల మీకే చెందాలి. మీరు దాన్ని ముక్కుకు పెట్టుకుని ఏడవడం నేను చూశాను.

3. నా బెల్టు, తాళ్ళు, డ్రిల్లింగ్ మిషను కృష్ణకు. బెల్టు పెట్టుకోకుండా పైకి ఎక్కితే ఇవన్నీ వాపసు తీసుకునే హక్కు అరుణమ్మ గారికి ఉంది. ఒరేయ్, నువ్వు గుడికే పో, ఏమనను. కానీ నువ్వు ఎక్కిరించకపోతే నేను ఆ పుస్తకం తెరిచేవాణ్ణి కాదు.

4. నా బైబిలు మా చెల్లె వాణికి. షరతు ఉంది: అమ్మకు చదివి వినిపించాలి. ఫలానావాని కొడుకు ఫలానావాడు అని పేర్ల వరుస వస్తే దాటెయ్యొద్దు. అమ్మకు ఆ పేర్లంటే ఇష్టం, కొన్నిటికి నవ్వుతుంది కూడా. చేదుగా ఉన్నచోట గొంతు తగ్గించొద్దు.

5. బండి, ఫోను, కుక్కరు, బ్యాంకులో ఏది మిగిలితే అది, అన్నీ అమ్మవే. నా చొక్కాలు దాచి పెట్టుకోవద్దని ఆమెకు చెప్పండి, ఎవరైనా తొడుక్కోవాలి.

6. మట్టయ్య అయ్యగారికి నా అల్యూమినియం నిచ్చెన. సంఘం ముందు "వాక్యమే మా పునాది" అన్న బోర్డు నేను ఊరికే బిగించిందే. ఎడమ పక్క బోల్టు వదులైంది, చూసుకోండి.

అయ్యగారూ, మీరు గడ్డిఅన్నారంలో పండ్లు అమ్మిన రోజుల నుంచి మాకు తెలుసు. నాయనను మీ ట్రాలీ ఆటోలోనే దవాఖానకు చేర్చారు. అందుకే ఇది రాయకముందు మీ ఇంటికే వచ్చి, ఆ మాట ఎక్కడ రాసి ఉందని అడిగాను. "అభిషేకం ఉన్నోన్ని అడిగేటంత పెద్దోనివైనవా?" అన్నారు. అడుగుతాను. మీరూ నేనూ ఇద్దరం ఆ పుస్తకం కిందే ఉన్నాం. పొద్దుగూకేలోపు కోపం విడవాలని కూడా అందులో ఉంది, అది నాకు నచ్చలేదు. నచ్చకపోయినా అది నాకు ఆజ్ఞే. విడవడానికి దారి మీ చేతిలో పెడుతున్నాను.

పై ఐదు నా తర్వాత అమలు కావాలి. ఈ ఆరోది మాత్రం నా చావు కోసం ఆగదు. నకలు మీకు పంపుతున్నాను. మీరు చెప్పింది రాసి ఉంటే, అదే మైకులో, మా అమ్మ వింటుండగా, ఏ అధ్యాయమో ఏ వచనమో చెప్పి చదవండి. అందరి ముందు తలవంచి, ఈ వీలునామాలో మొదటి నిబంధన నా చేత్తోనే కొట్టేస్తాను. లేకపోతే, "పోచయ్య లేవడన్నది నా మాట, దేవునిది కాదు" అని చెప్పండి. రెండింట్లో ఏది చేస్తారో 2025 నవంబరు 23, ఆదివారం ఆరాధన ముగిసేలోగా తేల్చాలి.

ఎల్బీనగర్, 10 నవంబరు 2025

సంతకం: చింతల వీరేందర్

అతను మా కళ్ళ ముందు చదువుకుని సంతకం చేశాడు, అతని ముందే మేమూ చేశాం:
అరుణమ్మ, ఇంటి యజమానురాలు
పట్టాభి, జిరాక్స్ షాపు, దిల్‌సుఖ్‌నగర్